‘పడు’ ధాతువు – అర్థచ్ఛాయలు, ప్రయోగ నియమాలు: మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల తెలుగేతర అభ్యాసకుల దృష్ట్యా పరిశీలన

వ్యాససంగ్రహం

తెలుగు నేర్చుకొనే తెలుగేతరులకు ‘పడు’ తొలి వారంలోనే పరిచయమయ్యే క్రియ. అయినా చాలాకాలం వరకు పూర్తిగా పట్టుబడని క్రియ కూడా ఇదే. ‘కింద పడింది’, ‘జీతం పడింది’, ‘ఈ మందు నాకు పడదు’, ‘మాట పడ్డాడు’, ‘మాట పడిపోయింది’ అనే వాక్యాలన్నింటిలో ఉన్న ధాతువు ఒక్కటే, అర్థాలు వేరు. హైదరాబాదు ఉత్తర శివార్లలోని మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలలో హిందీ, ఒడియా మాట్లాడే కార్మికులు, వివిధ రాష్ట్రాల విద్యార్థులు నిత్యవ్యవహారంలో ఈ క్రియను ఎదుర్కొంటారు. ‘పడు’ అర్థాన్ని నిర్ణయించేది ‘కిందికి జారడం’ అనే నిఘంటు అర్థం కాదని, దాని చుట్టూ ఉన్న వాక్య నిర్మాణమని ఈ వ్యాసం వివరిస్తుంది. అభ్యాసకుని మాతృభాషను బట్టి ఈ క్రియను బోధించే క్రమం మారవలసిన అవసరాన్ని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: పడు ధాతువు, ద్వితీయ భాషాబోధన, వ్యత్యాస విశ్లేషణ, కర్మణి ప్రయోగం, తెలంగాణ వ్యవహారం, వలస కార్మికులు.

1. ఉపోద్ఘాతం

2016 అక్టోబరు 11న ఏర్పడిన మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలో మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాలు భాషాపరంగా ప్రత్యేకమైనవి. జాతీయ రహదారి 44 వెంట మేడ్చల్ పారిశ్రామిక వాడ విస్తరించింది. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట, దానికి ఆవల తుర్కపల్లి వద్ద జీనోమ్ వ్యాలీ ఔషధ, జీవసాంకేతిక సంస్థలు ఉన్నాయి. 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలోనూ, 2008లో ఆరంభమైన బిట్స్ పిలాని హైదరాబాదు ప్రాంగణం సమీపంలోని జవహర్‌నగర్‌లోనూ ఉన్నాయి. ఈ సంస్థలకు దేశం నలుమూలల నుంచి విద్యార్థులు వస్తారు. కర్మాగారాలకు, గోదాములకు, నిర్మాణ స్థలాలకు, ఇటుక బట్టీలకు బీహారు, ఉత్తరప్రదేశ్, జార్ఖండ్, ఒడిశా రాష్ట్రాల నుంచి కార్మికులు వస్తారు.

వీరిలో పిల్లలకు తెలుగు నేర్పే బాధ్యతను చట్టం నిర్దేశించింది. తెలంగాణ పాఠశాలలలో తెలుగు నిర్బంధ బోధన, అభ్యసన చట్టం 2018లో వచ్చింది. ఇది 1 నుంచి 10వ తరగతి వరకు అన్ని పాఠశాలలకు వర్తిస్తుంది. ఇతర బోర్డుల పాఠశాలల్లో తెలుగు మాతృభాష కాని విద్యార్థుల సౌలభ్యం కోసం 9, 10 తరగతులలో ‘వెన్నెల’ అనే సరళ తెలుగు వాచకాన్ని వాడాలని 2025 ఫిబ్రవరిలో ప్రభుత్వం నిర్ణయించింది. అయితే ఈ చట్టం పాఠశాల గడప వద్దే ఆగిపోతుంది. ఇరవై ఏళ్ల వయసులో కర్మాగారంలో చేరిన కార్మికుడు, న్యాయశాస్త్రం చదువుతూ స్థానిక కక్షిదారులతో మాట్లాడవలసిన విద్యార్థి, గ్రామీణ ఆరోగ్య కేంద్రంలో పనిచేసే ఇతర రాష్ట్ర వైద్యుడు తమ తెలుగును వీధిలోనే నేర్చుకుంటారు. వీధి పదాలను ఇస్తుంది, నియమాలను చెప్పదు.

ఆ లోటును ఒకే ఒక్క క్రియ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస పరిధి. ఇంగ్లీషు నేర్చుకొనే చైనీయుల కోసం ఒక్కొక్క క్రియకు అర్థాలను, సరైన ప్రయోగాలను విడివిడిగా వివరించే బోధనా పద్ధతి ఉంది. చైనీస్‌లో ‘కాన్’ అనే ఒకే క్రియ చూడడానికీ, చదవడానికీ చెల్లుతుంది. ఇంగ్లీషులో అందుకు మూడు నాలుగు క్రియలు కావాలి. అందుకే అక్కడ క్రియను వాక్యంతో సహా నేర్పుతారు. తెలుగులో అటువంటి వివరణకు ‘పడు’ కంటే తగిన క్రియ అరుదు. ఈ వ్యాసంలోని ఉదాహరణ వాక్యాలు వివరణార్థం కూర్చినవి.

2. పూర్వరంగం: నిఘంటువులు, సోదర భాషలు

తెలుగేతరుల కోసం తెలుగును వివరించే ప్రయత్నం కొత్తది కాదు. విలియం కేరీ (1814), ఎ. డి. క్యాంప్‌బెల్ (1816) వ్యాకరణాలు, సి. పి. బ్రౌన్ నిఘంటువు (1852), ఎ. హెచ్. ఆర్డెన్ వ్యాకరణం (1873) పరదేశీయులైన అధికారుల, మతప్రచారకుల అవసరాల కోసం వెలువడ్డాయి. ఆధునిక కాలంలో లీ లిస్కర్ (1963) వాగ్వ్యవహార పాఠాలు, భద్రిరాజు కృష్ణమూర్తి, జె. పి. ఎల్. గ్విన్ సంయుక్తంగా రచించిన ఆధునిక తెలుగు వ్యాకరణం (1985) ప్రామాణికమైనవి. ఇవన్నీ ఇంగ్లీషు తెలిసిన అభ్యాసకుని ఉద్దేశించినవి. హిందీ లేదా ఒడియా మాత్రమే తెలిసిన కార్మికునికి ఎదురయ్యే చిక్కులు వేరు.

‘పడు’ ద్రావిడ ధాతువు. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువులో దీని సజాతీయాలు విస్తారంగా కనిపిస్తాయి. తమిళంలోనూ కన్నడంలోనూ ‘పడు’ ఉంది. అక్కడ దాని ప్రధాన వ్యాపారం ‘అనుభవించు, గురియగు’ అనేది. కన్నడంలో ‘కష్టపడు’, ‘భయపడు’, తమిళంలో ‘కష్టప్పడు’, ‘బయప్పడు’ తెలుగు మాటలకు దాదాపు ప్రతిరూపాలు. తమిళ కర్మణి ప్రయోగమైన ‘సెయ్యప్పట్టదు’, కన్నడ ‘మాడల్పట్టితు’ కూడా ఈ ధాతువుతో ఏర్పడినవే. కాని కింద పడడం అనే అర్థానికి వాడుకలో తమిళులు ‘విళు’, కన్నడిగులు ‘బీళు’ అంటారు.

హిందీ ‘పడ్నా’, ఒడియా ‘పడిబా’ వినడానికి తెలుగు ‘పడు’ వలెనే ఉంటాయి. వాటి చరిత్ర మాత్రం వేరు. సంస్కృత ‘పతతి’ ప్రాకృతంలో ‘పడఇ’గా మారి అక్కడి నుంచి ఆధునిక ఆర్యభాషలకు వచ్చింది. ఆ భాషలలో దీని మూలార్థం కిందికి రావడమే.

ఈ పోలికల నుంచి ఒక ముఖ్య విషయం తేలుతుంది. తెలుగు ‘పడు’లో పతనార్థం, అనుభవార్థం రెండూ సమానంగా సజీవం. ఉత్తరాది అభ్యాసకునికి మొదటిది చిరపరిచితం, రెండవది కొత్త. తమిళ, కన్నడ అభ్యాసకునికి రెండవది చిరపరిచితం, మొదటిది కొత్త. ఒకే తరగతిలో కూర్చున్న ఇద్దరికీ ఒకే పాఠం ఒకే క్రమంలో చెప్పడం ఎందుకు ఫలించదో ఇక్కడే తెలుస్తుంది.

3. రూప నిర్మాణం

భూతకాలంలో ‘పడు’కు రెండు అంగాలున్నాయి. పడ్డాను, పడ్డావు, పడ్డాడు, పడ్డారు, పడ్డాయి అనే రూపాలలో ద్విత్వ ‘డ’కారం ఉంటుంది. ఏకవచనంలో స్త్రీ, అమహద్వాచకాలకు ప్రమాణ భాషలో ‘పడింది’ అని ద్విత్వం లేని రూపం వస్తుంది. ‘పడింది’ని ముందు నేర్చుకొన్న అభ్యాసకుడు దానిని అనుసరించి ‘పడాడు’ అనే అసాధు రూపాన్ని కల్పించుకొనే అవకాశం ఉంది. మేడ్చల్ పరిసరాల వ్యవహారంలో ‘పడ్డది’ అనే రూపం ఉంది. ద్విత్వం అన్ని రూపాలలో ఏకరీతిగా ఉండడం వల్ల అభ్యాసకునికి ఇది సులభమైనది కూడా. కాబట్టి ‘పడ్డది’ని తప్పుగా దిద్దడం కంటే మాటలో దానిని అంగీకరించి, రాతకు ‘పడింది’ని చూపడం ఉచితం.

వ్యతిరేక రూపాల భేదం మరింత కీలకం. ‘జీతం పడలేదు’ అంటే ఇంతవరకు ఖాతాలో చేరలేదని. ‘జీతం పడదు’ అంటే ఇకముందు చేరదని. తెలంగాణ మాటలో మొదటిది ‘పడలే’ అని సంక్షిప్తమవుతుంది. ఈ మూడింటినీ చెవితో వేరుచేయలేని కార్మికుడు గుత్తేదారు మాటను ఆలస్యంగా అర్థం చేసుకోవాలా, నిరాకరణగా అర్థం చేసుకోవాలా అని తేల్చుకోలేడు. ‘పడలేను’ అనేది నాలుగో రూపం: ‘ఈ బాధ పడలేను’ అన్నప్పుడు అది భరించలేకపోవడాన్ని తెలుపుతుంది.

సంధి విషయంలో ఒక ఉపయుక్త సూత్రం చెప్పవచ్చు. నామం తరువాత సాధారణంగా ‘పడు’ నిలుస్తుంది: భయపడు, గాయపడు, ఆధారపడు. క్రియ తుమర్థక రూపం తరువాత ‘బడు’ అవుతుంది: కనబడు, వినబడు, చేయబడు. వెలువడు, అలవడు వంటి ‘వ’కార రూపాలు కొన్ని ఉన్నాయి. వాటిని విడదీయకుండా పూర్తి పదాలుగా నేర్పడమే మేలు.

4. అర్థచ్ఛాయలు, వాక్య నిర్మాణాలు

4.1 పతనార్థం. ‘చెట్టు మీది నుంచి కాయ పడింది’, ‘వాన పడుతోంది’, ‘నిచ్చెన మీంచి జారిపడ్డాడు’. ఇక్కడ కర్త ప్రథమా విభక్తిలో ఉంటుంది. స్థానాన్ని ‘మీద, లో, నుంచి’ తెలుపుతాయి. వాతావరణ విషయంలో మాత్రం పోలిక తప్పుదారి పట్టిస్తుంది. హిందీలో ‘ఠండ్ పడ్ రహీ హై’ అంటారు. తెలుగులో చలి పడదు. పెడుతుంది లేదా వేస్తుంది. ఎండ కాస్తుంది లేదా కొడుతుంది. ‘ఎండ పడుతోంది’ అంటే వెలుతురు ఒకచోట సోకుతోందని మాత్రమే అర్థం.

4.2 చేరడం, వర్తించడం. ‘ఖాతాలో జీతం పడింది’, ‘నాకు రాత్రి డ్యూటీ పడింది’, ‘అతనికి జరిమానా పడింది’, ‘కేసు పడింది’, ‘జీతంలో కోత పడింది’. ఈ వాక్యాలలో ‘పడు’కు కర్తలైన జీతం, డ్యూటీ, జరిమానా, కోత అన్నీ వేరొకరి నిర్ణయం వల్ల వచ్చినవే. వాటిని పొందే వ్యక్తికి ‘కి/కు’ ప్రత్యయం చేరుతుంది. ‘రాత్రి డ్యూటీ తీసుకున్నాను’ అన్నవాడు దానిని కోరుకున్నాడు. ‘రాత్రి డ్యూటీ పడింది’ అన్నవాడు కోరుకోలేదు. పనిస్థలంలో ఈ భేదం చిన్నది కాదు. అదనపు గంటల పనికి కార్మికుడు ఒప్పుకొన్నాడా, అతనికి అప్పగించారా అన్నది ఈ క్రియ ఎంపికలోనే తెలిసిపోతుంది.

4.3 సరిపడడం. ‘నాకు వంకాయ పడదు’, ‘వాళ్లిద్దరికీ పడదు’, ‘నాకు పెన్సిలిన్ పడదు’. ఈ అర్థంలో ‘పడు’ ఎక్కువగా వ్యతిరేక రూపంలో వినిపిస్తుంది. వ్యక్తి తప్పనిసరిగా ‘కి/కు’తో ఉంటాడు. హిందీలోనూ ఒడియాలోనూ ఇదే ధాతువుకు ఇటువంటి ప్రయోగం లేదు. ఆరోగ్య కేంద్రంలో నర్సు ‘నీకు ఏమైనా మందు పడదా?’ అని అడిగితే, ‘పడు’ను పతనార్థంలోనే తెలిసిన రోగి ఆ ప్రశ్నను అందుకోలేక ‘లేదు’ అనేస్తాడు. ఆ ‘లేదు’ను నర్సు తనకు ఏ మందూ వికటించదన్న సమాధానంగా నమోదు చేస్తుంది. ప్రశ్న వేసినవారు అడిగినది ఒకటి, బదులిచ్చినవారు విన్నది మరొకటి. రోగులతో మాట్లాడే సిబ్బంది ‘ఏ మందైనా వేసుకుంటే దద్దుర్లు, వాపు, ఆయాసం వచ్చాయా?’ అని లక్షణాలతో అడగడం, అభ్యాసకులు ‘పడదు’ను ప్రత్యేక పాఠంగా నేర్వడం రెండూ అవసరం.

4.4 నామం + పడు. భయపడు, బాధపడు, సిగ్గుపడు, ఇష్టపడు, కష్టపడు, జాగ్రత్తపడు, త్వరపడు. ఈ వర్గంలో మూడు నియమాలు గమనించాలి.

మొదటిది, అనుభవించే వ్యక్తి ప్రథమా విభక్తిలో ఉంటాడు: ‘అతను భయపడ్డాడు’. ‘వేయు’, ‘కలుగు’ క్రియలతో మాత్రం ‘అతనికి భయం వేసింది’, ‘అతనికి భయం కలిగింది’ అని వస్తుంది. హిందీలో ‘ఉసే డర్ లగా’ అని అనుభోక్తకు విభక్తి చేర్చే అలవాటు ఉన్నందున ‘అతనికి భయపడింది’ అనే మిశ్రమ వాక్యం పుట్టే వీలుంది. భయానికి కారణమైన వస్తువుకు తెలుగులో ‘కి/కు’ చేరుతుంది: ‘పాముకు భయపడ్డాడు’. హిందీ ‘సే’ను అనుసరించి ‘పాముతో భయపడ్డాడు’ అనడం మరో సంభావ్య దోషం.

రెండవది, నామం క్రియతో కలిసినప్పుడు ఒక అర్థం, విడిగా ఉన్నప్పుడు మరో అర్థం రావచ్చు. ‘కష్టపడ్డాడు’ అంటే శ్రమించాడు. ‘కష్టాలు పడ్డాడు’ అంటే ఇక్కట్లను అనుభవించాడు. మొదటిది ప్రశంస, రెండవది సానుభూతి. అలాగే ‘మాట పడ్డాడు’ అంటే నిందకు గురయ్యాడని. ‘నేను ఎవరితోనూ మాట పడను’ అనే వాక్యంలోని ఆత్మాభిమానం ‘మాట’కూ ‘పడు’కూ విడివిడిగా అర్థం చెప్పుకొంటే అందదు. ‘మనసు పడ్డాడు’ అంటే కోరుకున్నాడు. ఒడియాలో గుర్తుకు రావడాన్ని ‘మనే పడిలా’ అంటారు. దానిని మాటకు మాటగా తెలుగులోకి తెచ్చి ‘ఆమె మీద మనసు పడింది’ అన్నవాడు ‘ఆమె గుర్తుకు వచ్చింది’ అనుకుంటాడు. వినేవారు వేరే అర్థం చేసుకుంటారు.

మూడవది, అనుభవం అనే ఒక్క భావంతో ఈ వర్గమంతా ఇమడదు. ‘త్వరపడు’, ‘జాగ్రత్తపడు’, ‘కష్టపడు’, ‘పాటుపడు’ కర్త సంకల్పంతో జరిగే పనులు. కనుకనే వీటిని ఆజ్ఞగా చెప్పవచ్చు: ‘కాస్త త్వరపడు’, ‘కష్టపడి చదువు’. ‘గాయపడు’, ‘జబ్బుపడు’ వంటివాటిని అలా ఆజ్ఞాపించలేం. ‘భయపడు’, ‘బాధపడు’ మధ్యస్థమైనవి: నిషేధంలో ‘భయపడకు’, ‘బాధపడకు’ సహజం, విధిలో అరుదు. ఆజ్ఞార్థక పరీక్ష ద్వారా ఈ మూడు ఉపవర్గాలను తరగతి గదిలో సులభంగా వేరుచేయవచ్చు.

ఈ వర్గానికి ప్రేరణార్థకాలు ‘పడు’ నుంచి కాక వేరే క్రియల నుంచి వస్తాయి. మనోభావాలను, ఇక్కట్లను తెలిపే నామాలకు ఎక్కువగా ‘పెట్టు’ చేరుతుంది: భయపెట్టు, బాధపెట్టు, కష్టపెట్టు, ఇబ్బందిపెట్టు, ఆశపెట్టు. స్థితి మార్పును తెలిపే పదాలకు ఎక్కువగా ‘పరచు’ చేరుతుంది: బలపరచు, స్థిరపరచు, మెరుగుపరచు, గాయపరచు, ఏర్పరచు. ‘సిగ్గుపరచు’ వంటి మినహాయింపులున్నా ఈ విభజన అభ్యాసకునికి మంచి ఊతం. ఫిర్యాదు చేసే సందర్భంలో దీని విలువ తెలుస్తుంది. ‘నేను ఇబ్బందిపడ్డాను’ అన్న వాక్యంలో ఇబ్బందికి కారకులు కనిపించరు. ‘నన్ను ఇబ్బందిపెట్టారు’ అన్న వాక్యంలో కనిపిస్తారు. న్యాయ సహాయ కేంద్రానికి వచ్చిన వ్యక్తి మాటను నమోదు చేసే విద్యార్థికి ఈ జంటల మధ్య భేదం తెలియకపోతే, ఆరోపణ కాస్తా అనుభవ కథనంగా మారిపోతుంది.

4.5 ఇంద్రియ గోచరత్వం. ‘నాకు బోర్డు కనబడడం లేదు’, ‘మీ మాట వినబడలేదు’. ఇక్కడ చూసేవానికి ‘కి/కు’ చేరుతుంది, కనిపించేది కర్త అవుతుంది. హిందీలో ‘దిఖాయీ పడ్నా’, ‘సునాయీ పడ్నా’ ఉన్నందున ఉత్తరాది వారికి ఇది కష్టం కాదు. మాతృభాష సాయపడే చోటును గుర్తించి అక్కడ సమయాన్ని ఆదా చేయడం కూడా బోధనా నైపుణ్యమే.

4.6 పడిపోవు, పడుకొను. ‘పడు’కు ‘పోవు’ చేరితే పూర్తి కావడం, నష్టం స్ఫురిస్తాయి: ‘గోడ పడిపోయింది’, ‘ధర పడిపోయింది’. శరీరావయవాల విషయంలో అర్థం మరింత ప్రత్యేకమవుతుంది. ‘చెయ్యి పడిపోయింది’ అంటే చచ్చుబడిందని. ‘మాట పడిపోయింది’ అంటే వాక్కు పోయిందని. రెండూ పక్షవాత లక్షణాలు. మెదడులో రక్తపు గడ్డ వల్ల వచ్చిన పక్షవాతంలో ఆ గడ్డను కరిగించే మందును సాధారణంగా లక్షణాలు మొదలైన 4.5 గంటలలోపే ఇవ్వవలసి ఉంటుంది. ‘మా నాయనకు మాట పడిపోయింది’ అన్న వాక్యాన్ని ‘మాట పడ్డాడు’తో పోల్చుకొని ఇంటి తగాదాగా భావించే తెలుగేతర వైద్య సిబ్బందికి ఆ వ్యవధి చేజారవచ్చు.

‘కొను’ చేరితే క్రియ కర్త ఆధీనంలోకి వస్తుంది. ‘పడ్డాడు’ ప్రమాదం, ‘పడుకున్నాడు’ విశ్రాంతి. హిందీలో ‘పడా హై’ అంటే ఒకచోట పడి ఉన్నాడని, వాలి ఉన్నాడని కూడా అర్థం. ‘యంత్రం దగ్గర పడ్డాడు’, ‘యంత్రం దగ్గర పడుకున్నాడు’ అనే వాక్యాలలో మొదటిది అంబులెన్సును పిలిపిస్తుంది, రెండవది క్రమశిక్షణ చర్యకు దారితీస్తుంది. ‘యంత్రం దగ్గర పడి ఉన్నాడు’ అనేది మూడో స్థితి. అతను స్పృహలో లేడన్న అనుమానం అందులో ఉంది. కర్మాగారాలలో భద్రతా శిక్షణ ఇచ్చేవారు ఈ మూడు వాక్యాలనూ ఒకేచోట బోధించాలి.

5. కర్మణి ప్రయోగం: గుర్తింపు, వినియోగం

‘ఇల్లు అద్దెకు ఇవ్వబడును’, ‘అతిక్రమించినవారు శిక్షింపబడుదురు’. మేడ్చల్ బస్టాండు నుంచి కలెక్టరేటు వరకు బోర్డుల మీద, నోటీసులలో, ధ్రువపత్రాలలో అభ్యాసకునికి కనిపించే ‘బడు’ ఇది. సంప్రదాయ వ్యాకరణాలు దీనిని గుర్తించాయి. కాని నిత్య సంభాషణలో తెలుగువారు దీనిని అరుదుగా వాడతారు. ‘తలుపు మూయబడింది’ అనడానికి బదులు ‘తలుపు మూశారు’, ‘తలుపు మూసుకుంది’, ‘తలుపు మూసి ఉంది’ అంటారు. ఈ మూడింటిలో మొదటిది కర్తను సూచించి పేరు చెప్పదు, రెండవది కర్తే లేదంటుంది, మూడవది స్థితిని మాత్రమే చెబుతుంది. ‘బడు’ ఒక్కటే చేయలేని పనిని ఇవి మూడూ పంచుకొని చేస్తున్నాయి.

చైనీస్‌తో పోలిక ఇక్కడ ఉపకరిస్తుంది. చైనీస్ కర్మణి సూచకమైన ‘బెయ్’ సంప్రదాయంగా అవాంఛనీయ సంఘటనలకే ఎక్కువగా వాడుకలో ఉండేది. ఇరవయ్యో శతాబ్దంలో ఐరోపా భాషల నుంచి జరిగిన అనువాదాల ప్రభావంతో దాని పరిధి విస్తరించింది. తెలుగు ‘బడు’ కూడా పరిపాలన, పత్రికా అనువాదాల ద్వారానే ఇంతగా వ్యాపించింది. ఇంగ్లీషు నేర్చుకొనే చైనీయులు అకర్మక క్రియలకు కూడా కర్మణి రూపం చేర్చడం భాషాబోధకులకు సుపరిచితమైన దోషం. బోర్డుల తెలుగును ఆదర్శంగా తీసుకొన్న అభ్యాసకుడు ‘ప్రమాదం జరగబడింది’ అనడం సరిగ్గా అటువంటిదే. ‘జరుగు’ అకర్మకం కాబట్టి దానికి ‘బడు’ చేరదు. సకర్మకమైన ‘జరుపు’కు చేరుతుంది: ‘విచారణ జరపబడింది’. అందువల్ల కర్మణి ‘బడు’ను చదివి గ్రహించే అంశంగా బోధించాలి, మాట్లాడే అంశంగా కాదు.

6. మాతృభాషా ప్రభావం: సాయం, అడ్డంకి

రాబర్ట్ లాడో 1957లో ప్రతిపాదించిన వ్యత్యాస విశ్లేషణ, మాతృభాషతో భేదించే చోట అభ్యాసకునికి కష్టం కలుగుతుందని చెప్పింది. అభ్యాసకుల దోషాలన్నీ మాతృభాష నుంచే రావని, అవి అభ్యసన క్రమానికి ఆనవాళ్లని పిట్ కోర్డర్ 1967లో వివరించాడు. ‘పడు’ విషయంలో ఈ రెండు దృష్టులూ అవసరమే. ‘పడాడు’ లక్ష్యభాష లోపలి సాదృశ్యం వల్ల వచ్చే దోషం. ‘చేయాల్సి పడింది’ మాతృభాష నుంచి వచ్చే దోషం.

ఈ రెండో దోషం ప్రత్యేకంగా పేర్కొనదగినది. విధి లేక చేయడాన్ని హిందీ ‘కర్నా పడా’ అనీ, ఒడియా ‘కరిబాకు పడిలా’ అనీ చెబుతాయి. రెండింటిలోనూ పడడమే. తెలుగు ఇక్కడ రావడాన్ని ఆశ్రయించింది: ‘చేయవలసి వచ్చింది’. ధ్వనిలో, అర్థంలో, అనేక ప్రయోగాలలో పోలిక ఉన్నందువల్ల అభ్యాసకునికి అనుమానం కూడా రాదు. పూర్తిగా వేరుగా ఉన్న క్రియ కంటే సగం కలిసిన క్రియ ఎక్కువ జాగ్రత్తను కోరుతుంది.

స్థానిక వ్యవహారం ఈ సరిహద్దును మరింత పలుచన చేస్తుంది. ఉర్దూతో దీర్ఘకాల సంపర్కం వల్ల తెలంగాణ మాటలో ‘నాకేం ఫరక్ పడదు’ వంటి ప్రయోగాలు స్థిరపడ్డాయి. ‘అవసరం పడ్డది’ కూడా సహజంగా వినిపిస్తుంది. హిందీలోని ‘ఫర్క్ పడ్తా’, ‘జరూరత్ పడీ’లతో ఇవి సరిపోతాయి. కాబట్టి హిందీ నుంచి వచ్చిన ప్రతి ‘పడు’నూ దోషంగా దిద్దే ఉపాధ్యాయుడు స్థానికుల నోటి భాషనే దిద్దినవాడవుతాడు. ‘ఫరక్ పడదు’ను అంగీకరించి ‘చేయాల్సి పడింది’ని సవరించడానికి ఆధారం పుస్తకం కాదు, మేడ్చల్ సంతలో ఏది వినిపిస్తుంది, ఏది వినిపించదు అన్నదే ఆధారం.

7. బోధనా క్రమం: ప్రతిపాదనలు

మైసూరులో 1969లో స్థాపితమైన భారతీయ భాషల కేంద్రీయ సంస్థ, తన దక్షిణ ప్రాంతీయ కేంద్రం ద్వారా ఇతర రాష్ట్రాల ఉపాధ్యాయులకు తెలుగు బోధిస్తోంది. ఆ అనుభవాన్ని వయోజన కార్మికుల స్థాయికి తేవాలంటే పాఠాలు చిన్నవిగా, సందర్భబద్ధంగా ఉండాలి. ‘పడు’కు ఈ క్రమాన్ని సూచించవచ్చు.

అ) హిందీ, ఒడియా మాతృభాషలవారికి: మొదట పతనార్థం, జీతం–డ్యూటీ ప్రయోగాలు, వెంటనే ‘పడలేదు–పడదు’ భేదం, ఆ తరువాత ‘నాకు పడదు’, అటుపై నామం + పడు, ‘చేయాల్సి వచ్చింది’ ప్రత్యేక పాఠం.

ఆ) తమిళ, కన్నడ మాతృభాషలవారికి: మొదట తమకు తెలిసిన కష్టపడు, భయపడు వర్గం, దానికి జతగా ‘పెట్టు–పరచు’ రూపాలు, ఆ తరువాత ‘విళు, బీళు’లకు సమానంగా ‘పడు’, చివర చేరడం, వర్తించడం.

ఇ) ఇద్దరికీ ఉమ్మడిగా: ‘పడ్డాడు – పడుకున్నాడు – పడి ఉన్నాడు – పడిపోయాడు’ అనే నాలుగింటి శ్రవణ అభ్యాసం, ‘మాట పడు – మాట పడిపోవు’ భేదం, బోర్డులు, నోటీసులు చదివించడం ద్వారా ‘బడు’ గుర్తింపు.

ప్రతి పాఠంలోనూ క్రియను ఒంటరిగా కాక మూడు ప్రశ్నలతో చూపాలి: పడినది ఏది? ‘కి/కు’ ఎవరికి చేరింది? నామం కలిసి ఉందా, విడిగా ఉందా? ఈ మూడింటికి జవాబు చెప్పగల అభ్యాసకుడు తాను ఇంతకుముందు వినని ‘పడు’ వాక్యాన్ని కూడా చాలావరకు ఊహించగలడు.

8. ముగింపు

‘పడు’ అర్థాల పట్టిక ఎంత పొడవైనా అభ్యాసకునికి అది జ్ఞాపకశక్తి పరీక్షగానే మిగులుతుంది. అర్థాన్ని నడిపించేవి విభక్తి, వ్యతిరేక రూపం, అనుబంధ క్రియ, నామంతో సంబంధం. వీటిని ఆధారం చేసుకొంటే చెల్లాచెదురుగా కనిపించే ప్రయోగాలు ఆరేడు నిర్మాణాలుగా కుదురుకుంటాయి. ఉత్తరాది వారికి ఒక వైపు నుంచి, దక్షిణాది సోదర భాషలవారికి మరో వైపు నుంచి ఈ క్రియ పరిచితమే. బోధకుడు ఆ పరిచయాన్ని గుర్తించి అక్కడి నుంచి మొదలుపెట్టాలి.

పాఠశాల బాలలకు తెలుగును హక్కుగా, విధిగా చేసిన రాష్ట్రంలో వయోజన వలస కార్మికునికి అది యాదృచ్ఛికంగా అబ్బే విద్యగానే ఉంది. వేతనం, మందు, ప్రమాదం, ఫిర్యాదు అనే నాలుగు సందర్భాలలోనూ ‘పడు’ ఉంది. ఆ సందర్భాలకు తగిన క్రియాపాఠాలను రూపొందించడం తెలుగు శాఖల పరిశోధకులకు అందుబాటులో ఉన్న పని. పెట్టు, కొట్టు, పట్టు, వేయు ధాతువులను ఇదే పద్ధతిలో పరిశీలిస్తే తెలుగేతర వయోజనులకు ఉపయోగపడే ఒక క్రియాకోశానికి పునాది ఏర్పడుతుంది.